ప్లవకాలను గమనించే సంస్థకు అధిపతిగా వెళ్తున్నవారికి: ముందుగా వరుసను కాపాడండి

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు క్లుప్తంగా చెబుతాను. పన్నెండేళ్లుగా సముద్రపు సూక్ష్మజీవుల జన్యువుల మీద పరిశోధన చేస్తున్న మీకు, ముప్ఫై ఏళ్లకు పైగా ఒకే తీరంలో ప్లవకాల, అంటే నీటి ఒరవడికి కొట్టుకుపోయే చిన్న జీవుల, నమూనాలు సేకరిస్తున్న ఒక సంస్థ బాధ్యతలు అప్పగించబోతున్నారు. అక్కడి పద్ధతులు పాతబడినట్టు మీకు అనిపించింది. మొదటి రెండేళ్లలోనే వాటిని మార్చేయవచ్చా, నిధులిచ్చేవారికి ఏం చెప్పి ఒప్పించాలి, అసలు ఇటువంటి సంస్థ అధిపతి చేయవలసిన పని ఏమిటి అని మీరు అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీ మొదటి పని సేకరణ వరుస తెగకుండా చూడటం. అదే వల, అదే లోతు, అదే లెక్కింపు పద్ధతి, అదే నైపుణ్యం గల కళ్లు ఏళ్ల తరబడి కొనసాగేలా చూడటమే ఈ పదవిలో అన్నిటికన్నా బరువైన బాధ్యత. కొత్త పరికరాలను తప్పక తీసుకురండి, కానీ వాటిని పాతవాటి పక్కన పెట్టండి. పాతదాన్ని తీసేసి ఆ స్థానంలో కొత్తదాన్ని పెట్టే నిర్ణయం మాత్రం మొదటి రెండేళ్లలో వద్దని నా గట్టి అభిప్రాయం. తూర్పు తీరంలో ఒక చిన్న పర్యవేక్షణ విభాగానికి పదకొండేళ్లు బాధ్యుడిగా ఉన్న అనుభవంతోనూ, అంతకుముందు ఇరవై ఏళ్లు మైక్రోస్కోప్ ముందు కూర్చుని, రొయ్యల వర్గానికి చెందిన చిన్న జీవులైన కోపెపాడ్‌లను లెక్కించిన అనుభవంతోనూ ఈ మాట చెబుతున్నాను.

కారణం అర్థం కావాలంటే ఇంగ్లండ్‌లోని ప్లిమత్ నుంచి నడుస్తున్న కంటిన్యువస్ ప్లాంక్టన్ రికార్డర్ సర్వే చరిత్రను మీరు శ్రద్ధగా చదవాలి. 1925–27 మధ్య డిస్కవరీ నౌకలో అంటార్కిటికా సముద్రాలకు వెళ్లిన అలిస్టర్ హార్డీ ఆ ప్రయాణం కోసం ప్లాంక్టన్ (ప్లవకాల) రికార్డర్ అనే పరికరాన్ని రూపొందించారు. తరువాత దాన్ని మెరుగుపరచి, 1931లో హల్ రేవు నుంచి జర్మనీలోని బ్రేమెన్‌కు వెళ్లే వాణిజ్య నౌక వెనుక కట్టి సర్వేను ప్రారంభించారు. సుమారు మీటరు పొడవున్న లోహపు పెట్టె అది. ముందున్న 1.27 సెంటీమీటర్ల చదరపు రంధ్రం గుండా సముద్రపు నీరు లోపలికి వచ్చి, 270 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నులున్న పట్టుబట్ట గుండా వడకట్టుకుపోతుంది. వెనుక ఉన్న చిన్న ప్రొపెల్లర్ నీటి ఒరవడికే తిరుగుతూ ఆ బట్టను మెల్లగా చుడుతుంది, పైనుంచి ఇంకో పట్టుబట్ట వచ్చి దాన్ని కప్పుతుంది, రెండూ కలిసి, నమూనాలు కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవం ఉన్న తొట్టెలోకి చేరతాయి. పది నాటికల్ మైళ్ల ప్రయాణానికి ఒక నమూనా, అంటే దాదాపు మూడు ఘనపు మీటర్ల నీటిలోని ప్లవకాలు, ఆ బట్ట మీద నిలుస్తాయి. విద్యుత్తుతో పని లేదు, ఓడలో శాస్త్రవేత్త ఉండవలసిన అవసరమూ లేదు.

ఈ పరికరానికి లోపాలు చాలా ఉన్నాయి. ఇది సుమారు ఏడు మీటర్ల లోతులోనే ప్రయాణిస్తుంది కనుక పగలు లోతుకు దిగిపోయే జీవులు సరిగా అందవు. జెల్లీ వంటి మెత్తని శరీరాలు నలిగిపోతాయి. అతి చిన్న కణాలు చాలావరకు బట్ట కన్నుల్లోంచి జారిపోతాయి. అయినా ఈ సర్వే విలువ ఎందుకు తగ్గలేదంటే, ఆ లోపాలన్నీ దశాబ్దాలుగా ఒకే తీరులో కొనసాగుతున్నాయి. 1958 నుంచి లెక్కింపు పద్ధతిలో మౌలికమైన మార్పు చేయలేదు. అందువల్ల నీటిలో నిజంగా ఎన్ని జీవులున్నాయో ఖచ్చితంగా చెప్పలేకపోయినా, నిన్నటికన్నా ఈరోజు ఎక్కువా తక్కువా అన్నది నమ్మకంగా చెప్పగలుగుతోంది. పర్యవేక్షణకు కావలసింది ఆ పోలిక. మీ రంగంలో ప్రతి మూడేళ్లకూ మెరుగైన యంత్రం వస్తుంది, దాన్ని వాడటమే ప్రతిభకు గుర్తు. ఇక్కడ అదే అలవాటు నష్టం చేస్తుంది.

ఆ పోలిక వల్ల ఏం తెలిసిందో చూడండి. ఈశాన్య అట్లాంటిక్‌లో వెచ్చని నీటి కోపెపాడ్‌లు దాదాపు పది డిగ్రీల అక్షాంశం మేర ఉత్తరానికి జరిగాయనీ, చల్లని నీటి జాతులు తగ్గాయనీ 2002లో ఈ సర్వే సమాచారంతోనే వెల్లడైంది. ఉత్తర సముద్రంలో వసంతకాలంలో దొరికే కలానస్ ఫిన్‌మార్కికస్ అనే కోపెపాడ్ తగ్గి, వేసవి చివర ఎక్కువయ్యే కలానస్ హెల్గోలాండికస్ పెరగడంతో, వసంతంలో పుట్టే కాడ్ చేపపిల్లలకు సరైన సమయంలో ఆహారం అందని పరిస్థితి వచ్చిందని ఆ మరుసటి ఏడాది మరో పరిశోధన చూపింది. రెండూ కంటికి ఒకేలా కనిపించే జాతులు. ఎవరో ఒకరు కాలి భాగాన్ని మైక్రోస్కోప్ కింద ఓపికగా చూసి విడదీయకపోయి ఉంటే, "కలానస్" అనే ఒకే వరుసలో రెండూ కలిసిపోయి, ఆ సంగతి చేపల రేవులో తప్ప ఎక్కడా కనిపించేది కాదు.

పాత బట్టలను పారేయకుండా దాచడం వల్ల మరో మేలు కూడా జరిగింది. 1960ల నుంచి దాచిన పట్టుబట్టలను తిరిగి పరిశీలించి, సముద్రంలో సూక్ష్మ ప్లాస్టిక్ ముక్కలు కాలక్రమంలో పెరిగాయని 2004లో ప్రచురించారు. ఆ బట్టలను దాచినవారికి ప్లాస్టిక్ సంగతి వెతకాలన్న ఆలోచనే లేదు. అందుకే నమూనాల గదిని గోదాముగా చూడకండి, మీ సంస్థ ఆస్తి అదే. మీ పరిజ్ఞానానికి నిజమైన పంట పండేది కూడా అక్కడే. ఫార్మలిన్‌లో ఉన్న పాత నమూనాల నుంచి డీఎన్‌ఏ తీయడం కష్టమే అయినా, అదే సర్వే పాత నమూనాల నుంచి విబ్రియో బ్యాక్టీరియా జన్యు జాడలను వెలికితీసి, సముద్రం వేడెక్కడంతో వాటి పెరుగుదలకు ఉన్న సంబంధాన్ని పరిశోధకులు చూపగలిగారు.

ఇప్పుడు నా విభాగంలో జరిగిన ఒక పొరపాటు చెబుతాను. నేను బాధ్యత తీసుకున్న రెండో ఏట, ఒక సీజన్‌లో చిన్న కోపెపాడ్‌ల సంఖ్య అకస్మాత్తుగా రెట్టింపుకన్నా ఎక్కువైంది. ఒయితోనా, పారాకలానస్ వంటి చిన్న జాతులే పెరిగాయి, పెద్దవి మామూలుగానే ఉన్నాయి. మా యువ పరిశోధకురాలు ఎంతో శ్రమించి, నీటి ఉష్ణోగ్రతతోనూ లవణీయతతోనూ దాన్ని ముడిపెట్టి పత్రం రాయడం మొదలుపెట్టింది. పత్రం పంపే ముందు ఒక్కసారి స్టోర్ రిజిస్టర్ చూద్దామని కూర్చుంటే, పాత వల చిరిగినప్పుడు 330 మైక్రాన్ల వల దొరకక, సరఫరాదారు ఇచ్చిన 200 మైక్రాన్ల వలను కొన్నారని తెలిసింది. కొన్న గుమాస్తాది తప్పు కాదు. ఆ అంకె ఎంత ముఖ్యమో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాడిని నేను. ఆ తొమ్మిది నెలల సమాచారానికి ప్రత్యేక గుర్తు పెట్టి, రెండు వలలనూ ఏడాదిపాటు పక్కపక్కనే లాగి తేడాను కొలిచి, దాన్ని సమాచారంతో పాటే ప్రచురించాం. ఆ అమ్మాయి రాసిన పత్రం ఆగిపోయింది కానీ, ఆ పోలిక మీద ఆమె రాసిన చిన్న నివేదిక మా విభాగంలో కొత్తగా చేరిన ప్రతివారూ మొదట చదివే కాగితమైంది.

పద్ధతులు కలిసిపోతే ఏమవుతుందో ప్రపంచస్థాయి ఉదాహరణ కూడా ఉంది. సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునే వృక్ష ప్లవకాలు శతాబ్ద కాలంగా ఏటా సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతున్నాయని 2010లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చి పెద్ద చర్చకు దారితీసింది. నీటి పారదర్శకతను తెల్ల పళ్లెంతో కొలిచిన పాత లెక్కలనూ, తరువాతి కాలంలో నేరుగా కొలిచిన క్లోరోఫిల్ విలువలనూ కలిపి ఆ ఫలితం రాబట్టారు. మరుసటి ఏడాదే పలువురు శాస్త్రవేత్తలు ఆ రెండు కొలతలను అలా కలపడంలోనే తగ్గుదల కనిపించే వీలుందని అదే పత్రికలో అభ్యంతరం తెలిపారు. రికార్డర్ సర్వే సమాచారం మాత్రం ఉత్తర అట్లాంటిక్‌లో ఆకుపచ్చదనం పెరిగినట్టే చూపింది. ఆ చర్చలో ఎవరి పక్షం సరైనదన్నది ఇక్కడ నా విషయం కాదు. రెండు కొలతల మధ్య వంతెన కట్టడం ఎంత కష్టమో గ్రహించండి.

కాబట్టి మీ ఆధునికీకరణ ప్రశ్నకు నా సమాధానం ఇలా ఉంటుంది. డీఎన్‌ఏ పద్ధతులు తీసుకురండి, ఏ జాతులున్నాయో వాటంత విస్తృతంగా ఏదీ చెప్పలేదు. కానీ ఎన్ని జీవులున్నాయన్న ప్రశ్నకు అవి ఇంకా నమ్మకమైన జవాబు ఇవ్వలేవు, ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. చిత్రాలు తీసి యంత్రమే జాతిని గుర్తించే పరికరాలు తీసుకురండి, కానీ ఆ యంత్రానికి నేర్పడానికి కూడా జాతులను గుర్తుపట్టే మనిషి కావాలి. ఏ కొత్త పద్ధతినైనా పాత పద్ధతితో కలిపి కనీసం రెండు పూర్తి ఋతుచక్రాలు నడపండి. మన తీరంలో నైరుతి, ఈశాన్య రుతుపవనాల మధ్య ప్లవకాల స్వరూపం పూర్తిగా మారిపోతుంది కనుక, ఆరు నెలల పోలికతో నిర్ణయానికి రాకూడదు.

రెండో పెద్ద బాధ్యత మనుషులు. ఇందులోనే చాలా సంస్థలు దెబ్బతింటాయి. ప్లవకాలను లెక్కించే విశ్లేషకులు పత్రాల్లో పేరు కోసం పోటీపడరు, వారి పనికి పురస్కారాలు రావు, అందువల్ల బడ్జెట్ తగ్గినప్పుడు మొదట వారి ఖాళీలనే భర్తీ చేయకుండా వదిలేస్తారు. రికార్డర్ సర్వేలో ఐదు వందలకు పైగా జాతులను, వర్గాలను గుర్తిస్తారు. ఒక కొత్త విశ్లేషకుడు స్వతంత్రంగా లెక్కించే స్థితికి రావడానికి ఏడాదికి పైగా పడుతుందని నా అనుభవం. మా దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసిన పెద్దాయన ఒకరు పదవీ విరమణ చేశారు. వేలాది నమూనాలు చూసిన ఆ మనిషి, సీసాను వెలుతురుకు పట్టుకోగానే "ఇది లోతు నుంచి పైకి తేలిన నీళ్లండీ" అనేవారు, ఎక్కువసార్లు ఆ మాట నిజమయ్యేది. ఆయన స్థానంలో మనిషిని ఇవ్వడానికి పై కార్యాలయం పద్నాలుగు నెలలు తీసుకుంది. ఆ పద్నాలుగు నెలలూ సీసాలు పేరుకుపోయాయి. కొన్నిటిలో ఫార్మలిన్‌కు కలపవలసిన బోరాక్స్ సరిగా కలపక, ద్రవం ఆమ్లంగా మారి, టెరోపాడ్ నత్తల పలుచని గుల్లలు కరిగిపోయాయి. సముద్రపు నీటి ఆమ్లత్వం పెరగడం గురించి ఇన్ని మాటలు చెప్పే మేము, దాన్ని చూపగల గుల్లలను మా సీసాల్లోనే పోగొట్టుకున్నాం. ఈ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే ఏ పెద్దాయన విరమణ చేయడానికైనా రెండేళ్ల ముందే పక్కన ఒకరిని కూర్చోబెట్టండి. ఆ పదవి మంజూరు కాకపోతే ప్రాజెక్టు నిధులతోనైనా, విశ్రాంత ఉద్యోగిని గౌరవ వేతనంతో పిలిచైనా ఆ రెండేళ్లు నడపండి. ఏటా ఒకే నమూనాను ఇద్దరు ముగ్గురి చేత విడివిడిగా లెక్కించి తేడాలు రాసిపెట్టండి. నేను వారానికి ఒక పూట మైక్రోస్కోప్ ముందు కూర్చునేవాణ్ని. అధిపతి లెక్కిస్తే సంఖ్యలేమీ మెరుగుపడవు, కానీ ఆ గదిలో ఏం కొరవడిందో మీకు ఫైళ్లలో కనిపించదు.

నిధుల విషయానికి వస్తే, మీరు ఎదుర్కోబోయే ప్రశ్న నాకు ముందే తెలుసు. ఒక ఆర్థిక సమీక్షలో ఒక పెద్ద అధికారి ఎంతో మర్యాదగానే నన్ను అడిగారు: "ముప్ఫై ఏళ్లుగా ఒకే చోట ఒకే జీవులను లెక్కిస్తున్నారు కదా, ఈ లెక్క ఎప్పటికి పూర్తవుతుంది?" ఆయన ప్రశ్నలో దురుద్దేశం లేదు. ప్రాజెక్టు అంటే మొదలూ ముగింపూ ఉండాలని ఆయన వ్యవస్థ నేర్పింది. వర్షమానాల లెక్క ఎప్పటికి పూర్తవుతుందని వాతావరణ శాఖను అడగరు, నదుల నీటిమట్టాల లెక్కను ఆపమని ఎవరూ అనరు, ఇదీ అటువంటిదేనని నేను చెప్పాను. ఆ పోలిక పనిచేసింది.

ఇంకొంచెం గట్టి వాదన కావాలంటే ప్లిమత్ చరిత్రలోనే ఉంది. రికార్డర్ సర్వేకు నిధులు నిలిపివేయాలని 1980ల చివర బ్రిటన్ పరిశోధన మండలి నిర్ణయించింది. పలు దేశాల శాస్త్రవేత్తలు పట్టుబట్టడంతో 1990లో హార్డీ పేరుతో ఒక ఫౌండేషన్ ఏర్పడి సర్వేను నిలబెట్టింది. 2018లో అది మెరైన్ బయలాజికల్ అసోసియేషన్‌లో కలిసింది. సర్వే ఆగిపోవలసిన ఆ సంవత్సరాల్లోనే ఉత్తర సముద్రపు జీవవ్యవస్థలో పెద్ద మార్పు వచ్చిందని తరువాత తేలింది. అదే ప్లిమత్ తీరంలో 1903 నుంచి కొలుస్తున్న ఈ-1 అనే కేంద్రం మాత్రం 1980ల చివర ఆగి 2002లో గాని తిరిగి మొదలు కాలేదు. ఆ మధ్య సంవత్సరాలను ఇప్పుడు ఎంత డబ్బు పోసినా కొనలేము. సమీక్షలో ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూపండి.

దానితో పాటు స్థానికంగా పనికొచ్చే జవాబులు సిద్ధంగా ఉంచుకోవాలి. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచే క్లోరోఫిల్‌నూ సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతనూ ఆధారం చేసుకుని చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను మత్స్యకారులకు తెలియజేస్తోంది. ఉపగ్రహం ఉండగా ఈ వలలెందుకని మిమ్మల్ని తప్పక అడుగుతారు. ఉపగ్రహం పైపొరలోని రంగును చూస్తుంది, ఆ రంగు ఏ జీవిదో చాలాసార్లు చెప్పలేదు. ఉత్తర అరేబియా సముద్రంలో శీతాకాలంలో ఏకకణ వృక్ష ప్లవకాలైన డయాటమ్‌ల స్థానంలో ఆకుపచ్చ నాక్టిల్యూకా అనే మరో ఏకకణ జీవి విస్తరించిన సంగతిని తీసుకోండి. ఆకాశం నుంచి రెండూ పచ్చదనమే, కానీ చేపల ఆహారంగా రెండూ ఒకటి కావు. అది నీళ్లు తెచ్చి చూస్తేనే తెలిసింది. కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం శీతలీకరణకు తోడుకునే నీటిలో జెల్లీచేపలు వచ్చి అడ్డుపడటం చాలాకాలంగా నమోదైన సమస్య. తీరంలో పరిశ్రమలు ఉన్నవారికి ఈ ఉదాహరణ వెంటనే అర్థమవుతుంది.

భారతదేశ అనుభవం గురించి ఒక్క మాట. 1960ల తొలి సంవత్సరాల్లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో పాల్గొన్న నౌకల కోసం హిందూ మహాసముద్ర ప్రామాణిక వల అనే ఒకే రకం వలను నిర్ణయించారు. ఆ వలతో తెచ్చిన నమూనాలను కొచ్చిలో నెలకొల్పిన కేంద్రంలో వేరుచేశారు. పద్ధతి ఒకటిగా ఉండాలన్న పట్టుదల మనవాళ్లకు కొత్త కాదు. కానీ అది విస్తారమైన ఒక సర్వే, ఏళ్ల తరబడి సాగిన వరుస కాదు. మీ చేతికి వస్తున్న ముప్ఫై ఏళ్ల వరుస మన తీరంలో ఎంత అరుదో దీన్నిబట్టి గుర్తించండి.

మూడోది, మీకు జీతం ఇవ్వనివారితో సంబంధాలు. రికార్డర్‌ను లాగేది సరుకు ఓడలు, ఫెర్రీలు. వాటి సిబ్బంది సహకారం లేకపోతే 70 లక్షల నాటికల్ మైళ్లకు పైగా పరికరాన్ని లాగడం సాధ్యమయ్యేది కాదు. మా స్థాయిలో అటువంటి సహకారం మత్స్యకారుల బోట్ల నుంచి వచ్చింది. వాళ్లకు కవ్వళ్లు, కానగుర్తలు ప్లవకాలు తిని బతికే చేపలని పుస్తకం చెప్పవలసిన పని లేదు. కానగుర్త శాస్త్రీయ నామంలోని కనగుర్త అనే మాట కూడా విశాఖపట్నంలో ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ నమోదు చేసిన తెలుగు పేరు నుంచే వచ్చింది. ఒక ఉదయం ఒక బోటు యజమాని ఫోన్ చేసి "నీళ్లు ఎర్రగా, జిగటగా ఉన్నాయండీ, వల బరువెక్కుతోంది" అన్నారు. మా నెలవారీ ప్రయాణం అప్పటికే అయిపోయింది. ఆయన సీసాలో తెచ్చిన నీళ్లే, ప్లవకాలు అలా ఒక్కసారిగా పెరిగిన ఆ ఘటనకు మా దగ్గరున్న ఏకైక సాక్ష్యం. ఆ తరువాత పన్నెండు బోట్లకు మూతలున్న సీసాలు, లేబుళ్లు, పెన్సిళ్లు ఇచ్చాం. ఫలితాలు తెలిశాక ప్రతిసారీ తెలుగులో ఒక పేజీ రాసి రేవుకు వెళ్లి చదివి వినిపించాం. నీళ్లు తెమ్మని అడిగి, ఏం తేలిందో చెప్పకుండా ఉంటే మూడోసారి ఎవరూ తేరు, తేవలసిన అవసరమూ లేదు.

మీ సమాచారాన్ని బయటి పరిశోధకులకు ఇవ్వడంలో సంకోచించకండి. దాచిన సమాచారంతో మీ సంస్థ నాలుగు పత్రాలు ఎక్కువ రాయగలదేమో, కానీ ఆపేస్తామన్న ప్రమాదం వచ్చిన రోజు వాదించడానికి బయట ఎవరూ ఉండరు. అయితే ప్రతి మార్పునూ, ప్రతి ఖాళీనీ, చిరిగిన వలతో సహా రాసిన చరిత్రను ఆ సంఖ్యలతో పాటే పంపండి.

ఒప్పుకునే ముందు మూడు విషయాలు అడగమని నా సలహా. ముప్ఫై ఏళ్లలో ఏ నెలల్లో నమూనాలు లేవో జాబితా అడగండి. రాబోయే ఐదేళ్లలో ఏ విశ్లేషకులు విరమణ చేస్తారో అడగండి. మూల సేకరణకు విడిగా స్థిరమైన పద్దు ఉందా, లేక ప్రతి మూడేళ్లకూ కొత్త ప్రాజెక్టు పేరుతో నడుస్తోందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆ తరువాత నమూనాల గదికి వెళ్లి ఏదో ఒక పాత సీసాను మీ చేత్తోనే తీసి చూడండి. లేబుల్ చదవడానికి వీలుగా ఉందా, జీవులు మునిగేంత ద్రవం ఉందా, దాని సంఖ్య రిజిస్టర్‌లో దొరుకుతుందా అన్నది గమనించండి. మూడూ సరిగా ఉంటే సంతోషంగా ఒప్పుకోండి. ఏ ఒక్కటి లేకపోయినా ఒప్పుకోండి, కానీ మొదటి ఏడాది బడ్జెట్‌లో మొదటి పద్దు ఆ గదికే ఉండాలని చేరకముందే రాయించుకోండి.